రాబ్ రాయ్ నిజంగా మాట తప్పని మనిషేనా? సినిమా ఎంత, చరిత్ర ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 1995లో వచ్చిన ‘రాబ్ రాయ్’ సినిమా చూశారు. లియామ్ నీసన్ వేసిన ఆ మనిషి ఒక్క అబద్ధం చెప్పనన్నందుకు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని కొండల్లో తలదాచుకుంటాడు. అసలు రాబ్ రాయ్ అంత మాట మీద నిలబడ్డవాడేనా, లేక ఒక పశువుల దొంగను సినిమావాళ్లు వీరుణ్ని చేశారా? వేసవిలో స్కాట్లండ్ వస్తున్నారు కాబట్టి ఆ చోట్లు చూడవచ్చా అని కూడా అడిగారు.

నేను చాలాకాలంగా స్కాట్లండ్‌లో ఉంటున్నాను. మన దేశం నుంచి వచ్చేవాళ్లను, ముఖ్యంగా తెలుగు కుటుంబాలను, ఇక్కడి హైలాండ్స్ అనే కొండ ప్రాంతానికి తీసుకెళ్లి చూపించడం నా వృత్తి. ఈ సినిమా చూసి వచ్చినవాళ్లు అతని సమాధి దగ్గర నిలబడి సరిగ్గా మీరు వేసిన ప్రశ్నే వేస్తారు. వాళ్లకు చెప్పేదే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: సినిమాలో జరిగే సంఘటనల్లో చాలావరకు కల్పన. కానీ కథ మొత్తం దేని మీద నిలబడిందో ఆ ఒక్క విషయం, అంటే ఒక పెద్ద దొర మీద అబద్ధపు సాక్ష్యం చెప్పనని నిరాకరించడం, రచయిత ఊహించి పెట్టింది కాదు. 1717 జూన్ 25 తేదీతో రాబ్ రాయ్ పేరు మీద ఒక బహిరంగ ప్రకటన వెలువడింది. గౌరవాన్నీ నిజాయితీనీ ప్రేమించేవాళ్లను ఉద్దేశించి రాసిన ప్రకటన అది. ఒక గొప్ప వ్యక్తి మీద దొంగ సాక్ష్యం చెబితే ప్రాణమూ ఆస్తీ దక్కుతాయని తనకు ఆశ చూపారని, తాను ఒప్పుకోలేదని అందులో ఉంది. ఆ గొప్ప వ్యక్తి ఆర్గైల్ డ్యూక్ అని చరిత్రకారులు తీసుకుంటారు (డ్యూక్ అంటే అక్కడి దొరల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదు). సినిమా ఈ ఘట్టాన్ని నాలుగేళ్లు వెనక్కి జరిపి 1713లో పెట్టింది. అయితే అసలు మనిషి సినిమాలో కనిపించినంత నిష్కల్మషుడు కాడు. అతనికి మాట నిలబెట్టుకోవడం ఆదర్శం కన్నా ముందు బతుకుతెరువు. ఇది అర్థమైతే సినిమా ఇంకా బాగుంటుంది, చరిత్ర కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎందుకో చెప్పాలంటే ముందు అతని పేరు సంగతి చెప్పాలి. అతని వంశమైన మెక్‌గ్రెగర్ల మీద పగ చాలా పాతది. 1603లో గ్లెన్ ఫ్రూన్ లోయలో కొల్‌హూన్ వంశం వాళ్లను మెక్‌గ్రెగర్లు ఊచకోత కోశారు. దాంతో ఆరవ జేమ్స్ రాజు ఆ ఇంటిపేరునే నిషేధించాడు. ఆ పేరు పెట్టుకోవడమే నేరం. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్లీ పెట్టారు, 1774లో శాశ్వతంగా తీసేశారు. రాబ్ 1671లో కాట్రిన్ సరస్సు తల దగ్గరున్న గ్లెన్‌గైల్‌లో పుట్టాడు, 1734 డిసెంబరులో చనిపోయాడు. లెక్క వేసి చూడండి: పుట్టినప్పుడు అతని పేరు చట్టబద్ధం, 22 ఏళ్ల వయసులో నేరం, మళ్లీ చట్టబద్ధమయ్యేనాటికి అతను పోయి 40 ఏళ్లు. అందుకే కాగితాల మీద తల్లి పుట్టింటి పేరుతో రాబర్ట్ క్యాంప్‌బెల్ అయ్యాడు.

సొంత పేరు రాసుకోవడానికి లేని మనిషి పత్రాల మీద, కోర్టుల మీద ఎంతని ఆధారపడగలడు? వ్యాపారం చేయాలంటే అతని దగ్గరున్న పెట్టుబడి నోటిమాటే. సినిమాలో నీసన్ తన కొడుకులకు గౌరవం అంటే ఏమిటో చెప్పే చిన్న సన్నివేశం గుర్తుందా? అది ఎవరూ ఇచ్చేదీ కాదు, ఎవరూ లాక్కోగలిగేదీ కాదు అన్న భావం వస్తుంది అక్కడ. వినడానికి నీతిబోధలా ఉంటుంది. కానీ అతని పరిస్థితిలో అది ఉన్నదున్నట్టు చెప్పిన నిజం. భూమి పోవచ్చు, గొడ్లు పోవచ్చు, పేరు కూడా పోయింది. మాట ఒక్కటే మిగిలింది.

ఇక అతని వ్యాపారం. హైలాండ్స్‌లో పెంచిన నల్ల పశువులను మందలు మందలుగా తోలుకొచ్చి క్రీఫ్ లాంటి సంతల్లో అమ్మేవారు. అక్కడి నుంచి అవి దక్షిణాదికి, ఇంగ్లండ్‌కు వెళ్లేవి. దారిలో దొంగలు ఎక్కువ. రాబ్ మందలు కొని అమ్మేవాడు, దాంతోపాటు ఇతరుల పశువులకు కాపలా కాసేవాడు. రుసుము ఇచ్చినవాళ్ల గొడ్లు పోతే వెతికి తెచ్చి ఇవ్వడం అతని పూచీ. ఇవ్వనివాళ్ల గొడ్లు ఎలా పోయేవి అన్నది వేరే సంగతి. మన రాయలసీమలో పాలెగాళ్లు ఊళ్ల దగ్గర కావలి రుసుము వసూలు చేసిన పద్ధతికి ఇది చాలా దగ్గర. ఆ పాలెగాళ్లను అణచడానికి 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడే. ఇలాంటి రుసుముల కథ అతను కడపకు రాకముందే తన దేశంలో విని ఉంటాడనిపిస్తుంది నాకు.

సినిమా మొదటి సన్నివేశం ఈ కాపలా పనినే చూపిస్తుంది. మాంట్‌రోజ్ దొర గొడ్లను తోలుకుపోయిన ముఠాను రాబ్, అతని మనుషులు కొండల్లో వెంటాడి పట్టుకుంటారు. అతను దొంగలను పట్టేవాడిగా కథలోకి రావడం చరిత్రకు విరుద్ధం కాదు. సగం చిత్రం, అంతే. మిగతా సగం సినిమా చూపించదు.

అసలు తగాదా అప్పు దగ్గర మొదలైంది. సినిమాలో రాబ్ మాంట్‌రోజ్ దగ్గర 1,000 పౌన్లు అప్పు తీసుకుంటాడు. ఆ సొమ్ము తెస్తున్న అతని మిత్రుడు అలన్ మెక్‌డొనాల్డ్‌ను, మాంట్‌రోజ్ దగ్గరుండే కనింగ్‌హామ్ అనే కత్తివీరుడు అడవిలో చంపి దోచుకుంటాడు. కాబట్టి ప్రేక్షకుడికి సందేహమే ఉండదు, రాబ్ నిర్దోషి. చరిత్రలో ఇంత శుభ్రంగా లేదు. 1712 జూన్‌లో ఎడిన్‌బరో పత్రికలో ఒక ప్రకటన పడింది. గొడ్లు కొనమని పలువురు దొరలు నమ్మి ఇచ్చిన సుమారు 1,000 పౌన్లతో రాబర్ట్ క్యాంప్‌బెల్, అంటే రాబ్ రాయ్ మెక్‌గ్రెగర్, ద్రోహం చేసి పరారయ్యాడని, కనిపిస్తే పట్టుకోవాలని. పరారీ ప్రకటనలో సైతం అతన్ని ముందు క్యాంప్‌బెల్ అనే రాయాల్సి వచ్చింది చూడండి.

అతని వైపు వాళ్లు చెప్పుకునే కథలో డబ్బుతో పారిపోయింది మెక్‌డొనాల్డ్ అనే అతని పశువుల తోలరి. సినిమా ఆ మెక్‌డొనాల్డ్‌ను దొంగ స్థానం నుంచి తప్పించి బలైపోయిన మిత్రుణ్ని చేసింది. ఇది చాలా తెలివైన మార్పు. అసలు కథ ప్రకారం రాబ్ తప్పుడు మనిషిని నమ్మాడు. సినిమా ప్రకారం అతను సరైన మనిషినే నమ్మాడు, అధికారం ఉన్నవాళ్లు ఆ నమ్మకాన్ని చంపారు. మాట విలువ గురించిన సినిమాకు రెండోదే కావాలి.

దొరల విషయానికి వద్దాం. జాన్ హర్ట్ వేసిన మాంట్‌రోజ్‌ను సినిమాలో మార్క్విస్ అంటారు, అది డ్యూక్ కన్నా ఒక మెట్టు కింది బిరుదు. నిజానికి అతను 1707లోనే డ్యూక్ అయ్యాడు. ఇది చిన్న విషయం. వయసులు మాత్రం గమనించండి. 1713 నాటికి మాంట్‌రోజ్‌కు 31 ఏళ్లు, ఆర్గైల్‌కు 33, రాబ్‌కు 42. సినిమాలో దొరలిద్దరూ నెరిసిన పెద్దమనుషులు, రాబ్ వాళ్ల మధ్య నలిగిపోయే నడివయసువాడు. అసలు బొమ్మ తలకిందులు: పిల్లాజెల్లా ఉన్న నడివయసు వ్యాపారిని తనకన్నా పదేళ్లు చిన్నవాడైన దొర దివాలా తీయించి వెళ్లగొట్టాడు. ఇది చెప్పినప్పుడు నాతో వచ్చేవాళ్ల ముఖాలు మారతాయి. నాకైతే సినిమా ఈ వయసులను ఉన్నవున్నట్టు ఉంచి ఉంటే అవమానం ఇంకా లోతుగా తగిలేదనిపిస్తుంది.

ఆర్గైల్ రాబ్‌ను ఎందుకు కాశాడు? రాబ్ తల్లి క్యాంప్‌బెల్ ఆడపడుచు. ఆర్గైల్ క్యాంప్‌బెల్‌లకు పెద్ద. అంతకుమించి ఆర్గైల్‌కూ మాంట్‌రోజ్‌కూ పడదు. ఇన్వరారీ దగ్గర గ్లెన్ షీరాలో రాబ్‌కు ఆర్గైల్ చోటిచ్చాడు. ఆ దొంగకు ఆశ్రయం ఇస్తావా అని మాంట్‌రోజ్ నిలదీస్తే, నేను ఇచ్చేది కట్టెలూ నీళ్లూ మాత్రమే, మాంసమూ పిండీ పెట్టి పోషిస్తున్నది నువ్వే కదా అని ఆర్గైల్ జవాబిచ్చాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. రాబ్ అప్పటికి మాంట్‌రోజ్ గొడ్లనూ ధాన్యాన్నీ వరసగా తోలుకుపోతున్నాడు మరి.

ఇక్కడ కిల్లర్న్ గురించి చెప్పాలి. సినిమాలో బ్రయన్ కాక్స్ వేసిన పాత్ర, మాంట్‌రోజ్ ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. గ్రేమ్ ఆఫ్ కిల్లర్న్ నిజమైన మనిషే. రాబ్ కుటుంబాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టించింది ఇతనే అంటారు. సినిమాలో రాబ్ భార్య మేరీ, రాబ్ తమ్ముడు కలిసి అతన్ని చంపేస్తారు. చరిత్రలో జరిగింది ఇంతకన్నా రుచికరంగా ఉంటుంది. 1716 నవంబరులో కిల్లర్న్ కౌలు వసూలుకు కూర్చుని ఉండగా రాబ్ మనుషులతో వచ్చి, వసూలైన సొమ్ము తీసుకుని, కిల్లర్న్‌ను ఎత్తుకుపోయి కాట్రిన్ సరస్సులో ఒక దీవి మీద ఉంచాడు. తన షరతులు చెబుతూ మాంట్‌రోజ్‌కు అతని చేతనే ఉత్తరం రాయించాడు. కొన్ని రోజుల తర్వాత ఒంటిమీద దెబ్బ లేకుండా, లెక్కల పుస్తకాలతో సహా వదిలేశాడు. తన ఇల్లు పడగొట్టించినవాడు చేతికి చిక్కితే చంపకుండా, లెక్క పుస్తకాలు తిరిగి ఇచ్చి పంపిన మనిషిని ఊహించుకోండి. అతని స్వభావం గురించి నాకు ఎక్కువ చెప్పేది ఈ ఒక్క సంఘటనే. ఇది సినిమాలో లేకపోవడం పెద్ద లోటు. సరస్సు మీద పడవ ఎక్కినప్పుడు ఆ దీవిని చూపిస్తారు.

తప్పించుకోవడాలు కూడా అంతే. సినిమాలో వంతెన మీద రాబ్ తనను కట్టిన తాడును కనింగ్‌హామ్ మెడకు చుట్టి నదిలోకి దూకడం, చచ్చిన ఆవు కళేబరంలో దాక్కోవడం చూశారు. కళేబరం సంగతి కల్పన. కానీ 1717లో మాంట్‌రోజ్ మనుషులు అతన్ని పట్టుకుని, ఒక రౌతు వెనక గుర్రం మీద తోలు పట్టీతో కట్టి, ఫోర్త్ నది రేవు దాటిస్తుండగా పట్టీ తెగి నీళ్లలోకి జారి చీకట్లో మాయమయ్యాడని ప్రసిద్ధ కథ. అదే ఏడాది మరో దొర ఆథల్ డ్యూక్ చెరనుంచి కూడా తప్పించుకున్నాడు. నేను మొదట్లో చెప్పిన ప్రకటన రాసింది ఆ తర్వాతే.

టిమ్ రాత్ వేసిన ఆర్చిబాల్డ్ కనింగ్‌హామ్ పూర్తిగా కల్పిత పాత్ర. ఆ పాత్రకు బ్రిటన్ సినిమా పురస్కారమైన బాఫ్టా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దక్కింది, రెండూ న్యాయమే. చివరి ద్వంద్వయుద్ధం కూడా జరిగింది కాదు. అయినా కత్తియుద్ధాలు తెలిసినవాళ్లు ఇప్పటికీ ఈ సన్నివేశాన్ని మెచ్చుకుంటారు. విలియం హాబ్స్ దాన్ని కూర్చాడు. మళ్లీ చూస్తే ఆయుధాలను చూడండి. కనింగ్‌హామ్ చేతిలో తేలికైన, సన్నటి, పొడిచే కత్తి. రాబ్ చేతిలో పిడికిలిని బుట్టలా కప్పే పిడి ఉన్న వెడల్పాటి బరువు కత్తి, నరకడానికి చేసింది. మొదటివాడికి మణికట్టు కదిలితే చాలు, రెండోవాడికి భుజమంతా కదలాలి. అందుకే కనింగ్‌హామ్ తొందరపడడు, చిన్న చిన్న గాట్లు పెడుతూ రాబ్‌ను అలసిపోనిస్తాడు. రాబ్ కత్తి మొన నేలకు జారుతూ ఉంటుంది, ఊపిరి బరువెక్కుతుంది. సన్నివేశంలో సంగీతం లేదు, ఇనుము చప్పుడూ ఊపిరి చప్పుడూ వినిపిస్తాయి. చివరికి రాబ్ ఒట్టి చేత్తో ఎదుటివాడి కత్తి పట్టుకుని, ఆ ఒక్క క్షణంలో భుజం మీద వేటు వేస్తాడు. ఆ రెండు కత్తుల తేడాలో రెండు లోకాల తేడా మొత్తం కనిపిస్తుంది, ఒక్క మాట లేకుండా.

అసలు రాబ్ ఆజానుబాహువు కాడు. నీసన్ అంత పొడగరి కాదు కానీ భుజాలు వెడల్పు, చేతులు అసాధారణంగా పొడవు అని వర్ణనలు చెబుతాయి. వంగకుండానే మోకాలి కిందున్న మేజోళ్ల కట్లు కట్టుకోగలిగేవాడట. వెడల్పు కత్తి పట్టేవాడికి అంతకన్నా వరం ఏం కావాలి!

జెస్సికా లాంగ్ వేసిన మేరీ గురించి ఒక మాట. సినిమాలో ఆమె మీద జరిగిన అత్యాచారానికి స్థిరమైన చారిత్రక ఆధారం లేదు. ఇల్లు ఖాళీ చేయించినప్పుడు ఆమెను అవమానించారన్న జనశ్రుతి ఉంది. సినిమా దాన్ని తీసుకుని చేసిన పని గొప్పది. రాబ్ పగతో వెళ్లి చావకూడదని ఆమె ఆ సంగతి దాస్తుంది. గౌరవం అంటే మగవాళ్లు కత్తులతో తేల్చుకునేది అన్న లెక్కను ఆమె మౌనం ప్రశ్నిస్తుంది. తన మాట కోసం ఆర్గైల్‌ను కాపాడిన భర్తకు, ఆ మాటకు ఇంట్లో ఎవరు వెల కట్టారో ఆమె వల్లనే తెలుస్తుంది. నా దృష్టిలో సినిమాకు గుండెకాయ ఆమే.

సినిమా పూర్తిగా వదిలేసింది రాబ్ రాజకీయాన్ని. రాబ్ 18 ఏళ్ల వయసులో తండ్రితో కలిసి 1689లో కిల్లీక్రాంకీ యుద్ధంలో, గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజు పక్షాన ఉన్నాడు. స్టువర్ట్‌లను మళ్లీ గద్దె ఎక్కించాలని జరిగిన 1715 తిరుగుబాటులో కూడా అటువైపే చేరాడు. కానీ నవంబరు 13న షెరిఫ్‌మూర్ యుద్ధంలో అతని మనుషులు దగ్గర్లోనే నిలబడి యుద్ధంలోకి దిగలేదు. అవతల ప్రభుత్వ సైన్యాన్ని నడిపిస్తున్నది ఎవరనుకున్నారు? ఆర్గైల్ డ్యూక్. 1719లో గ్లెన్ షీల్ యుద్ధంలోనూ ఉన్నాడు. ఆ తర్వాత 1725లో ప్రభుత్వ సైన్యాధికారి జనరల్ వేడ్‌కు క్షమాభిక్ష కోరుతూ ఉత్తరం రాశాడు. తిరుగుబాటుదార్లతో చేరక తప్పలేదని, ఆ రోజుల్లోనే వాళ్ల బలం గురించి ఆర్గైల్‌కు సమాచారం పంపుతూ వచ్చానని అందులో రాసుకున్నాడు.

ఇది చదివితే కొందరు అభిమానులు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోవద్దంటాను. ఆ ఉత్తరం మెడ మీద కత్తి ఉన్నప్పుడు రాసింది, అందులో నిజమెంతో తూచడం కష్టం. 1717 ప్రకటన కూడా అంతే, ఆర్గైల్ అండ కావలసిన మనిషి రాసింది. కానీ రెండూ పక్కపక్కన పెడితే ఒకటి స్థిరంగా కనిపిస్తుంది. రాజులు మారినా, పక్షాలు మారినా, తనకు చోటిచ్చిన ఆర్గైల్‌కు అతను ద్రోహం చేయలేదు. సిద్ధాంతానికి కట్టుబడ్డవాడని నేను చెప్పను. అన్నం పెట్టిన చేతికి కట్టుబడ్డాడు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: దొంగా అవును, మాట మనిషీ అవును. ఆ కాలంలో, ఆ కొండల్లో అవి ఒకే మనిషిలో ఉండగలిగాయి. సినిమా రెండోదాన్ని మాత్రమే తీసుకుంది.

ఈ సినిమా వచ్చిన ఏడాదే, స్కాట్లండ్ చరిత్ర మీదే తీసిన ‘బ్రేవ్‌హార్ట్’ వచ్చి ఐదు ఆస్కార్లు తీసుకుపోవడంతో ఇది మరుగున పడింది. చరిత్రను వక్రీకరించడంలో ఆ సినిమాతో పోలిస్తే ఇది చాలా నయం. కనీసం దుస్తులూ ఇళ్లూ ఆ కాలానివి. రాబ్ కట్టుకున్నది పొడవాటి ఉన్ని వస్త్రాన్ని నడుముకు మడతలు పెట్టి బిగించి, మిగిలినది భుజం మీద వేసుకునే పాత పద్ధతి. ఇప్పుడు పెళ్లిళ్లలో వేసుకునే కుట్టిన కిల్ట్ కాదు. లోటు ఒక్కటే, వాళ్లంతా మాట్లాడాల్సింది గేలిక్ భాష. కరెన్ మాథసన్ పాడిన పాటలో అది నిండుగా వినిపిస్తుంది. ఆ ఒక్క పాట కోసమైనా మంచి స్పీకర్లతో చూడండి.

ఇక మీ ప్రయాణం. సినిమా తీసిన చోట్లూ, రాబ్ బతికిన చోట్లూ వేరు వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సినిమాలో కనిపించే ఎత్తయిన కొండలు ఎక్కువగా ఫోర్ట్ విలియం దగ్గర గ్లెన్ నెవిస్, గ్లెన్ కో ప్రాంతాలవి. రాబ్ ఊళ్లు అంతకన్నా దక్షిణాన, ట్రాసాక్స్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి కొండలు మెత్తగా, చెట్లతో, సరస్సులతో ఉంటాయి.

ఒక్క రోజే ఉంటే బాల్‌క్విడర్ వెళ్లండి. గ్లాస్గో నుంచి కారులో గంటన్నర. క్యాలండర్ దాటి ఎ84 రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే ఎడమకు దారి చీలుతుంది, అక్కడి నుంచి ఊరు దగ్గరే. చర్చి ఆవరణలో రాబ్, అతని భార్య, ఇద్దరు కొడుకుల సమాధులున్నాయి. వాళ్లను ధిక్కరించి మెక్‌గ్రెగరే అన్న అర్థం వచ్చే మాటలు అక్కడ చెక్కి ఉన్నాయి. పేరు నిషేధం సంగతి తెలియకుండా చూస్తే అది ఒట్టి పొగరులా కనిపిస్తుంది, అందుకే ఇంతసేపు చెప్పాను. ఆ ఊరి పక్కనున్న సరస్సు వెంబడి ఇంకా లోపలికి పోతే అతను చనిపోయిన ఇన్వర్‌లాక్‌లారిగ్ వస్తుంది. దారి ఒక్క కారు పట్టేంతే, ఎదురు వచ్చేవాళ్లకు పక్కన ఆగే చోట్లు ఉంటాయి. అక్కడ మాత్రమే ఆగండి.

రెండో రోజు ఉంటే ఉదయం కాట్రిన్ సరస్సు మీద పడవ, మధ్యాహ్నం క్రీఫ్ దగ్గర డ్రమండ్ కోట తోట. సినిమాలో మాంట్‌రోజ్ విహరించే తోట అదే. అసలు రాబ్ గొడ్లు అమ్మిన సంత ఊరు అక్కడికి కూతవేటు దూరం. తోట ఏడాది పొడవునా తెరిచి ఉండదు, బయల్దేరే ముందు చూసుకోండి. గ్లెన్ నెవిస్ కూడా కావాలంటే ఫోర్ట్ విలియంలో ఒక రాత్రి బస పెట్టుకోండి, ఒకే రోజులో పోయి రావాలని చూస్తే రోడ్డు తప్ప ఏమీ మిగలదు.

వేసవి కాబట్టి నీళ్ల ఒడ్డున సాయంత్రం మిడ్జీలనే సన్న పురుగులు ముసురుకుంటాయి, పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకోండి. పిల్లలతో వస్తున్నారన్నారు. వాళ్లకు ముందుగా ఈ సినిమా చూపించాలనుకుంటే వద్దు, అత్యాచార సన్నివేశం, హింస పెద్దవాళ్లకే కష్టంగా ఉంటాయి. కిల్లర్న్‌ను దీవి మీద బంధించిన కథ చెప్పి పడవ ఎక్కించండి, వాళ్లకు అది చాలు.